తెలుగు పిల్లల కోసం పుస్తకం: మొదటి వాక్యం నుంచి రెండో ముద్రణ దాకా

పిల్లల పుస్తకం రాయాలనుకునేవాళ్ళలో చాలామంది మొదట అడిగేది ‘ఎవరు వేస్తారు?’ అని. దానికి జవాబు ఈ వ్యాసంలో ఉంది, కాకపోతే బాగా కిందకి ఉంది. అంతకన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: మీ పుస్తకం చేతికొచ్చిన పిల్ల దాన్ని తనంతట తాను చదవగలదా? కథ, బొమ్మలు, అచ్చు అన్నీ బాగుండి కూడా పిల్లలు పక్కన పడేసిన పుస్తకాలు మన బడి అలమారాల్లో బోలెడు. తీసి నాలుగు పేజీలు చదివితే ఎందుకో తెలిసిపోతుంది. అందులో ప్రతి వాక్యం పెద్దవాళ్ళ చెవికి నచ్చేలా రాసిందే.

కథలు రాసే అలవాటు కొంత ఉండి, పిల్లల కోసం మొదటి పుస్తకం తేవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆరు నుంచి పదేళ్ళ పిల్లల పుస్తకాల గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే రాయడానికి అన్నిటికన్నా కష్టమైన వయసు అదే.

1. వయసు ఒకటి, చదువు ఒకటి

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు పుస్తకం చదివిపెట్టేది పెద్దవాళ్ళు. అక్కడ నోటికి తిరిగే లయ, మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఉంటే చాలు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళవాళ్ళు కూడబలుక్కుంటూ సొంతంగా చదవడం మొదలుపెడతారు. తొమ్మిది దాటినవాళ్ళు అధ్యాయాలున్న చిన్న నవలను కూడా పట్టుకోగలరు.

నిడివి విషయంలో ప్రథమ్ బుక్స్ వాళ్ళ పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ పెట్టుకున్న కొలతలు మంచి ఆధారం. మొదటి స్థాయి కథకు 250 మాటల లోపు, రెండో స్థాయికి 600 దాకా, మూడో స్థాయికి 1500 దాకా, నాలుగో స్థాయికి ఆ పైన. 250 మాటల్లో కథ అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. రాసి చూడండి, మొదటి రాతలో మీకు 600 వస్తుంది. అందులోంచి 350 తీసేయడమే అసలు పని.

వయసునూ చదివే శక్తినీ కలిపేయకండి. అమెరికాలో తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడికి వెళ్ళే పదేళ్ళ పిల్లకు ఆలోచన పదేళ్ళదే, తెలుగు చదవడం మాత్రం ఒకటో రెండో తరగతి పిల్లలా ఉండొచ్చు. ఇక్కడ హైదరాబాదులోనో విశాఖలోనో ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లల్లో చాలామందిదీ ఇదే పరిస్థితి. వాళ్ళకు ‘కాకి, కుండ, నీళ్ళు’ కథ ఇస్తే చిన్నపిల్లల పుస్తకమని మూసేస్తారు. పదేళ్ళవాళ్ళకు సరిపడే కథను చిన్న వాక్యాల్లో రాసిచ్చేవాళ్ళు తెలుగులో ఇంకా ఎంతోమంది కావాలి. మొదటి పుస్తకానికి ఏం రాయాలో తోచకపోతే ఇక్కడ మొదలుపెట్టమని నా సలహా.

2. ఒత్తులు లెక్కపెట్టండి

బడిలో మనం నేర్పే వరస అందరికీ తెలిసిందే. అక్షరాలు, గుణింతాలు, ఒత్తుల్లేని మాటలు, తర్వాత ద్విత్వాలు, చివరికి సంయుక్తాక్షరాలు. పిల్లల పుస్తకం రాసేటప్పుడు మాత్రం ఈ వరస ఎవరికీ గుర్తుండదు.

ఒక ముక్క తీసుకుని చూద్దాం. మామూలుగా ఇలా రాస్తారు:

‘ఒకానొక గ్రామంలో రామయ్య అనే వృద్ధుడు నివసించేవాడు. అత్యంత దయాస్వభావుడైన అతడు ప్రతిదినం ప్రాతఃకాలంలో పక్షులకు ధాన్యపు గింజలు వేసేవాడు.’

ఇందులో గ్రా, వృద్ధు, త్యం, స్వ, ప్ర, క్షు, న్య ఇలా వరసగా ఇబ్బందులే. పైగా కథ ఇంకా మొదలే కాలేదు. ఇదే ఎనిమిదేళ్ళ పిల్లకైతే:

‘తెల్లారింది. రామయ్య తాత వాకిట్లోకి వచ్చాడు. గుప్పిట్లో నూకలు. పిట్టలు అప్పటికే గోడ మీద కూచున్నాయి.’

ఒత్తులు ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ ద్విత్వాలే. ‘ట్లో’ ఒక్కటే కాస్త కష్టం, అది పిల్లల నోట్లో రోజూ ఆడే మాటే కాబట్టి దాటిపోతారు. ఇప్పుడు ఆరేళ్ళ పిల్లకు, ఒక్క ఒత్తు కూడా లేకుండా:

‘తాత లేచాడు. వాకిలి ఊడిచాడు. చాటలో నూకలు పోశాడు. గోడ మీద కాకి చాట వైపే చూసింది. “ఇవి నీకే, రా” అని పిలిచాడు తాత.’

ఇలా రాయబోతేనే తెలుస్తుంది అసలు చిక్కు ఎక్కడుందో. వచ్చాడు, వెళ్ళాడు, అన్నాడు, ఇచ్చాడు, తిన్నాడు, పెట్టాడు: మనం రోజూ వాడే క్రియల్లో చాలావాటికి భూతకాలంలో ఒత్తు ఉంటుంది. కాబట్టి ఒత్తుల్లేని కథలో పాత్రలు లేవాలి, చూడాలి, అడగాలి, దూకాలి, ఎగరాలి, పిలవాలి. ఈ క్రియల పట్టిక ఒకటి రాసి బల్ల మీద అతికించుకోండి. కథలో పాత్రలు ఏం చేస్తాయన్నది సగం ఆ పట్టికే చెబుతుంది.

పేర్లు కూడా ముందే చూసుకోండి. కథానాయిక పేరు పుస్తకంలో ముప్ఫై నలభై సార్లు వస్తుంది. అది లక్ష్మీప్రసన్న అయితే పిల్ల అన్నిసార్లూ తడబడాలి. మీనా, రాము, గోపి, జానకి లాంటివి తీసుకుంటే ఆ కష్టం ఉండదు.

ధ్వనిని పట్టిచ్చే మాటలు మన భాషకు పెద్ద బలం. గబగబా, టపటపా, చకచకా, గిరగిరా, బుడుంగున. వీటిలో ఒత్తులుండవు, చదువుతుంటే నోటికి సరదా, బొమ్మ వేసేవాళ్ళకు కదలిక దొరుకుతుంది. పేజీకి ఒకటి పడినా ఎక్కువనిపించదు.

తేలిక తెలుగు దానంతట అది రాదు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ భాషను ఇప్పటికీ మెచ్చుకుంటాం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు వచ్చిన కథల్ని వచ్చినట్టే వేసేవారు కాదు, చాలావాటిని తిరగరాసేవారు. మనం మెచ్చుకునే ఆ సులువు వెనక అంత పని ఉంది.

3. పిల్లకు పెద్దదైన చిన్న కష్టం

కథకు కావాల్సింది ఒక పిల్ల, ఆ పిల్లకు ఇప్పటికిప్పుడు కావాల్సిన ఒక వస్తువు, మధ్యలో ఒక అడ్డం. ఉదాహరణకు: తమ్ముడి చెప్పు కాలవలో కొట్టుకుపోయింది, అమ్మ పొలం నుంచి వచ్చేలోపు దొరకాలి. అంతే. పెద్దవాళ్ళకు ఇది కథే కాదు. ఏడేళ్ళ పిల్లకు ఇంతకన్నా టెన్షన్ ఇంకేం ఉంటుంది?

కష్టాన్ని పిల్లే తీర్చుకోవాలి. చివర్లో నాన్న వచ్చి కర్రతో చెప్పు తీసిచ్చాడంటే కథ నాన్నదైపోతుంది. పెద్దవాళ్ళు దగ్గరే ఉండొచ్చు, సాయం అడిగించుకోవచ్చు, కానీ మలుపు తిప్పేది పిల్ల చెయ్యే కావాలి.

నిర్మాణం కోసం వెతుక్కోనక్కర్లేదు. చేప ఎందుకు ఎండలేదని మొదలై చీమ దాకా సాగే గొలుసు కథ మనందరికీ వచ్చు. అడిగిన మాటే మళ్ళీ అడగడం, ప్రతిసారీ ఒక మెట్టు పెరగడం, చివర్లో ఊహించని చిన్న జవాబు. చెప్పు వెతుకుతూ మీనా బట్టలు ఉతికే అత్తను, గేదెలు కడిగే తాతను, చేపలు పట్టే అన్నను ఒకే మాటతో అడుగుతుంది. రెండోసారికే పిల్లలు ఆ మాటను మీకంటే ముందే చెప్పేస్తారు. కూడబలుక్కునే పిల్లకు మళ్ళీ వచ్చే వాక్యం ఎంత ధైర్యమో పక్కన కూచుని చూస్తే తెలుస్తుంది.

నీతి సంగతి. ‘అప్పటినుంచి మీనా పెద్దల మాట వినసాగింది’ అని చివర రాయాలని చెయ్యి లాగుతుంది. ఆ వాక్యం కొట్టేయండి. దాని ముందు వాక్యం దగ్గరే కథ అయిపోయి ఉంటుంది. కథలో మీనా పడ్డ హైరానా చదివిన పిల్లకు చెప్పాల్సింది ఏమీ మిగలదు.

యాస గురించి నా పద్ధతి ఇది. కథ నడిపే వాక్యాలు తేలిక తెలుగులో ఉంచి, మాట్లాడే వాక్యాలు ఆ ఊరివి ఆ ఊరివిగానే ఉంచుతాను. జగిత్యాల పిల్ల గోంగూర అనదు, పుంటికూర అంటుంది. శ్రీకాకుళం పిల్లకు ఆ మాట తెలియకపోయినా పక్కన బొమ్మ ఉంటుంది కాబట్టి తెలుసుకుంటుంది.

4. డమ్మీ పుస్తకం కట్టండి

ఏ4 కాగితాలు ఆరు తీసుకుని ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే 24 పేజీలు వస్తాయి. మొదటి పేజీ పేరుకు, రెండోది ప్రచురణ వివరాలకు పోతే మిగిలేవి 22. ఇప్పుడు కథను ముక్కలు చేసి ఏ పేజీలో ఏ వాక్యం వస్తుందో పెన్సిలుతో రాయండి. బొమ్మ రావాల్సిన చోట పుల్లల బొమ్మలు గీసినా చాలు.

కుడిచేతి పేజీ చివరి వాక్యం పేజీ తిప్పించాలి. ‘కాలవ మలుపు తిరిగింది. చెప్పు కనబడలేదు.’ ఇది కుడి పేజీలో. తిప్పగానే ఎడమ పేజీలో: ‘మలుపు అవతల ఒక బాతు. బాతు కింద తమ్ముడి చెప్పు!’ ఇవే రెండు ముక్కలు ఎదురెదురు పేజీల్లో పడితే పిల్ల కన్ను ముందు బాతు బొమ్మ మీదికే పోతుంది, మీరు దాచిందంతా బయటపడిపోతుంది.

డమ్మీ కట్టాక ఏదో ఒక పేజీలో ఆరేడు వాక్యాలు కుక్కినట్టు, ఇంకోచోట ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ తెర మీద ఇది కనబడదు.

5. పిల్లల చేతికివ్వండి

మీరు చదివి వినిపించకండి. మీ గొంతు, మీ అభినయం కథలోని లోపాలన్నీ కప్పేస్తాయి. తెలిసిన ప్రాథమిక పాఠశాల ఉంటే హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని, రెండో మూడో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికే డమ్మీ ఇచ్చి పైకి చదవమనండి. మీ దగ్గర ఇంకో కాపీ ఉంచుకుని, ఎక్కడ ఆగారో అక్కడ గీత పెట్టండి. ఒకే మాట దగ్గర ముగ్గురు ఆగారంటే ఆ మాట పోవాల్సిందే, మీకెంత ఇష్టమైనా సరే.

‘బాగుందా?’ అని అడగకండి. ‘బాగుంది సార్’ అనే వస్తుంది జవాబు. పుస్తకం మూసి ‘మీ చెల్లికి ఈ కథ ఎలా చెబుతావు?’ అనండి. పిల్ల వదిలేసిన ముక్క కథకు అక్కర్లేనిదై ఉండొచ్చు. పిల్ల కలిపిన ముక్క ఒక్కోసారి మీరు రాసినదానికన్నా బాగుంటుంది. మళ్ళీ చదువుతావా అని అడక్కుండానే రెండోసారి మొదటి పేజీకి తిప్పిందంటే పుస్తకం కుదిరినట్టే.

6. బొమ్మలు

మంచి ప్రచురణ సంస్థకు పంపేటట్టయితే బొమ్మలు వేయించి పంపాల్సిన పని లేదు. చిత్రకారుల్ని వాళ్ళే చూసుకుంటారు. సొంతంగా వేసుకునేవాళ్ళకు మాత్రం ఇదే పెద్ద ఖర్చు, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

చిత్రకారుడికి కథ ఇచ్చేటప్పుడు బొమ్మ చెప్పే మాటల్ని కథలోంచి తీసేయండి. మీనా గౌను ఎరుపో నీలమో వాక్యంలో అక్కర్లేదు. కాలవ ఎలాంటిదో, ఊళ్ళో ఇళ్ళు డాబాలో పెంకుటిళ్ళో మాత్రం విడిగా రాసివ్వండి. గోదావరి జిల్లా కాలవగట్టుకూ పాలమూరు వాగు ఒడ్డుకూ చాలా తేడా ఉంది, పిల్లలు ఇట్టే కనిపెడతారు. మొదట పెన్సిలు గీతలు చూసి ఒప్పుకున్నాకే రంగులు. ఫైళ్ళు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), అచ్చుకు సరిపడే సీఎంవైకే రంగుల్లో, చుట్టూ కత్తిరింపుకు 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి అడగండి. అక్షరాలకు చోటు ఖాళీగా ఉంచమనడం మరవొద్దు. ముదురు రంగు మీద నల్ల అక్షరాలు పిల్లలు చదవలేరు.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. డబ్బు ఎంత, ఎప్పుడు, బొమ్మలు ఎన్ని ముద్రణలకు వాడుకోవచ్చు, ఇతర భాషల్లో వస్తే ఏమిటి అన్నవి రాసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళుగానే లెక్కిస్తారు. అట్ట మీద మీ పేరు పక్కన చిత్రకారుడి పేరు అదే సైజులో వేయండి. బొమ్మల పుస్తకంలో సగం ఆయనదే.

7. ఎవరికి పంపాలి

మొదటి కథలు పత్రికలకు పంపడం మంచి సాధన. ‘ఈనాడు’లో హాయ్ బుజ్జీ పేజీ, ఆదివారం అనుబంధాల్లోని పిల్లల కథలు, ‘కొత్తపల్లి’ లాంటి పిల్లల పత్రికలు ఉన్నాయి. కథ మీ సొంతమని, ఎక్కడా రాలేదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయాలి. ఆ మాట నిలబెట్టుకోండి. ఒకే కథను రెండుచోట్లకు పంపితే పేరు పోతుంది.

పుస్తకానికైతే మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తెలుగులోనూ పిల్లల పుస్తకాలు తెచ్చే చెన్నై తూలిక బుక్స్ ముందు చూడాల్సినవి. అమెరికాలోని తెలుగు సంఘం తానాతో కలిసి మంచి పుస్తకం పిల్లల కోసం రాసే పుస్తకాలకు పోటీలు కూడా పెట్టింది, అలాంటి ప్రకటనలు గమనిస్తూ ఉండండి. పంపే ముందు ఆ సంస్థ పుస్తకాలు ఓ పది కొని చదవండి. పంపే ఉత్తరం అరపేజీ దాటక్కర్లేదు: ఏ వయసుకు, ఎన్ని మాటలు, కథ రెండు వాక్యాల్లో, ఎంతమంది పిల్లలతో చదివించారు. ఫైలు ఏ కంప్యూటర్లో తెరిచినా చదవగలిగే యూనికోడ్‌లో ఉండాలి.

స్టోరీవీవర్‌లో ఎవరైనా కథ పెట్టొచ్చు, ఉన్నవాటిని తెలుగులోకి తేవచ్చు. అక్కడి కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అది తెలిసి పెట్టండి. రాయడం నేర్చుకునేవాళ్ళు అక్కడి మొదటి స్థాయి కథల్ని ఒత్తులు తగ్గిస్తూ తెలుగు చేసి చూస్తే, పైన చెప్పిన పాఠమంతా చేతికొస్తుంది.

8. సొంతంగా వేసుకుంటే

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్లో రచయితగానే దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బిస్తే ఇప్పిస్తామనే మధ్యవర్తులు అవసరం లేదు. కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది. నమోదు తప్పనిసరి కాదు, కావాలంటే సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకూ కాపీలు పంపాలి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. లోపలి పేజీలకు రంగు బొమ్మలైతే 130 జీఎస్‌ఎమ్ (కాగితం బరువును చెప్పే కొలత) ఆర్ట్ పేపరు, అట్టకు 250 లేదా 300 జీఎస్‌ఎమ్ కార్డు వాడటం మామూలు. చిన్నపిల్లలకు అక్షరం 18 పాయింట్లకు తగ్గకూడదు. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఎడం బాగా ఇవ్వండి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస దీర్ఘాన్ని తాకుతుంది. వరస చివర మాటను విరగ్గొట్టనివ్వకండి.

డీటీపీ చేసేవాళ్ళలో ఇప్పటికీ చాలామంది యూనికోడ్ కాని అను ఫాంట్లే వాడతారు. యూనికోడ్ నుంచి అందులోకి మార్చినప్పుడు అక్కడక్కడా అక్షరాలు చెదురుతాయి, కాబట్టి మార్చాక ప్రూఫు మొదటినుంచీ చదవాల్సిందే. మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటేనే వాటి ఒత్తులు సరిగ్గా కూచుంటాయి. పిల్లల పుస్తకంలో అచ్చుతప్పు మామూలు తప్పు కాదు. ఆ పిల్ల మాటను మొదటిసారి చూస్తున్నది అక్కడే కావచ్చు.

ధర ఎలా వేయాలి? అచ్చుకు ఒక్కో కాపీకి 30 రూపాయలైందనుకుందాం. 60 పెడితే, దుకాణానికి 40 శాతం పోగా 36 మిగులుతుంది, అందులో అచ్చు ఖర్చు పోతే ఉండే 6 రవాణాకు కూడా చాలదు. 100 పెడితే దుకాణానికి 40, అచ్చుకు 30, చిత్రకారుడికో రచయితకో 10 శాతం రాయల్టీ పోగా 20 ఉంటుంది. రవాణా, పాడైన కాపీలు, ఊరికే ఇచ్చేవి అన్నీ అందులోంచే రావాలి. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, అదొక్కటి ఊరట. మొదటిసారి 500 కాపీలు చాలు. వెయ్యి వేస్తే కాపీకి తగ్గుతుందని ప్రెస్సువాళ్ళు అంటారు, నిజమే, కానీ మిగిలిన 500 ఉండేది మీ మంచం కిందే.

9. అమ్మకం

పిల్లల పుస్తకం దుకాణంలో కన్నా పిల్లలున్న చోట ఎక్కువ అమ్ముడవుతుంది. డిసెంబరు చుట్టూ హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం రెండూ తప్పనివి. సొంత స్టాల్ ఖర్చు భరించలేకపోతే పిల్లల పుస్తకాలు పెట్టే స్టాల్ వాళ్ళతో మాట్లాడుకోండి. ప్రభుత్వ బడులకు సమగ్ర శిక్ష కింద లైబ్రరీ గ్రాంటు వస్తుంది, కొనే పద్ధతి ఎలా ఉందో మీ మండలంలో కనుక్కోండి. అపార్టుమెంటు లైబ్రరీలు, పుట్టినరోజు బహుమతులుగా పంచేవాళ్ళు, విదేశాల్లో తెలుగు బడులు నడిపేవాళ్ళు మంచి కొనుగోలుదారులు.

పోస్టులో పంపడానికి తపాలా శాఖ పుస్తకాల కోసం 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ చూడండి. 300 గ్రాముల దాకా 20 రూపాయలతో మొదలై, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి, లోపల ప్రకటనలు పెట్టకూడదు.

10. రెండో ముద్రణకు ముందు

కాపీలు అయిపోవచ్చేసరికి ఆ పుస్తకం వాడిన టీచర్లలో నలుగురైదుగురిని కలవండి. బడిలో బాగా నలిగిన కాపీ ఒకటి అడిగి తీసుకుని, బదులు కొత్తది ఇవ్వండి. ఏ పేజీ ఎక్కువ మాసిందో, పిన్ను ఎక్కడ ఊడిందో, ఏ మాట కింద పిల్లలు గీతలు పెట్టారో అందులో కనబడుతుంది. ఆ మార్పులన్నీ ఫైల్లో చేసి, ప్రచురణ వివరాల పేజీలో ‘రెండవ ముద్రణ’ అని నెల, సంవత్సరం వేయండి. మాటల సవరణే అయితే పాత ఐఎస్‌బీఎన్ సరిపోతుంది, కథో బొమ్మలో చెప్పుకోదగ్గంత మారితే కొత్త నంబరు తీసుకోవాలి.